లెబానోను ద్రాక్షారసపు పరిమళము

ధ్యాన భాగము: హోషేయ 14వ అధ్యాయము



హోషేయ గ్రంథపు కడపటి అధ్యాయములో దేవుడు తన జనులకు అనేక వాగ్దానములు చేసెను. వాటిలో ఒకటి మన గ్రామ సంఘములలో చదువబడునప్పుడు కొందరికి కష్టముగా తోచును. తనయొద్దకు తిరిగివచ్చువారి పరిమళము లెబానోను ద్రాక్షారసపు పరిమళమువలె ఉండునని ఆయన సెలవిచ్చుచున్నాడు (14:7). త్రాగుడువలన పొలము పోగొట్టుకొనిన యింటివారు, పుస్తె సయితము తాకట్టునకు పోయిన తల్లులు ఈ వచనము విని, "అయ్యగారూ, దేవుడు మనలను త్రాగెడు దానితో పోల్చుట యేమి?" అని అడిగినయెడల, ఆ ప్రశ్న న్యాయమైనదే. మరికొందరు, "చూచితిరా, బైబిలులోనే యున్నది" అని తమ అలవాటునకు వాక్యమును గొడుగుగా పట్టుకొందురు.

చిత్రమేమనగా, త్రాగుడును గూర్చి గట్టిగా గద్దించిన ప్రవక్తలలో హోషేయ ఒకడు. ద్రాక్షారసము మనుష్యుల బుద్ధిని దోచుకొనునని ఆయన చెప్పెను (4:11). రాజు పండుగనాడు అధిపతులు త్రాగి వ్యాధిగ్రస్తులైరని చెప్పెను (7:5). అట్టివాడే తన గ్రంథమును ముగించుచు, మారుమనస్సు పొందిన జనులను ద్రాక్షారసముతో పోల్చెను. ఆయన మరచి ఆలాగు పలికెనా? లేదు. ఆయన ఏమి ఎంచుకొనెనో, ఏమి ఎంచుకొనలేదో మనము నిదానముగా చూడవలెను.

మన తెలుగు బైబిలులో ద్రాక్షారసమను మాట తరచుగా కనబడును. దానిని పానకమువంటిదని చెప్పి ఈ ప్రశ్నను దాటిపోవుట సులభము. అయితే ప్రవక్త ఇక్కడ వాడిన హెబ్రీ మాట పులియబెట్టి నిలువచేసిన రసమునకు వాడు మాటయే. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకొనియే మనము వాక్యమును ధ్యానింతము.

1. కొండ నడుమ తోట

లెబానోను అను పేరు తెలుపు అను అర్థముగల మాటనుండి వచ్చినది. ఆ పర్వతముల శిఖరములు 3,000 మీటర్లకు పైబడి యున్నవి. చలికాలమందు అవి మంచుచేత తెల్లగా కప్పబడును. పడమట లెబానోను పర్వతములు, తూర్పున హెర్మోనుతో కూడిన మరియొక పర్వత పంక్తి. ఈ రెంటి నడుమ బెకా అను పొడవైన లోయ కలదు. లోయ అనగానే పల్లపు నేల అని తలంపవద్దు. అది సముద్రమునకు దాదాపు 1,000 మీటర్ల ఎత్తున నున్నది. అనగా మన అరకులోయకంటె కొంచెము ఎత్తు. పూర్వకాలమునుండి ఆ ప్రాంతమునకు ద్రాక్షతోటలు పేరు. ఆ తూర్పు కొండల ఆవలి వాలునందున్న హెల్బోను ద్రాక్షారసము దమస్కు వర్తకులచేత తూరు పట్టణమునకు పోవుచుండెనని యెహెజ్కేలు వ్రాసెను (27:18).

ఆ తోటలు నేటికిని ఉన్నవి. 1857లో యేసు సభ గురువులు బెకా లోయలోని క్సారా అను చోట క్రొత్తగా ద్రాక్షలు నాటించిరి. తరువాతి కాలమున కాబెర్నె సొవిన్యోన్, సిన్సో, కారిన్యాన్ మొదలగు నల్లద్రాక్ష జాతులు అక్కడ విస్తరించెను. వాటినుండి వచ్చు ఎఱ్ఱని రసము నిండైన రంగు, చిక్కదనము, గాఢమైన వాసన గలదని లోకమంతట పేరొందినది.

ఆ చోటికి ఈ గుణము ఎక్కడనుండి వచ్చెను? రైతులైన మీకు ఇది సులభముగా బోధపడును. 1,000 మీటర్లు పైకి పోయినకొలది గాలి సుమారు 6 డిగ్రీలు చల్లబడును. పగలు ఎండ తీక్షణముగా కాయును. రాత్రి చలి దిగును. పగటి ఎండవలన కాయలో తీపి నిండును. రాత్రి చల్లదనమువలన కాయలోని పులుపు త్వరగా తరిగిపోదు. గనుక కాయ తొందరపడి పండిపోక నెమ్మదిగా పక్వమగును. వేసవి నెలలలో అక్కడ వాన కురియుట బహు అరుదు. పడమటి పర్వతములు సముద్రపు మేఘములను చాలవరకు అడ్డగించును. అయినను చలికాలపు మంచు కరిగి సున్నపురాళ్ల నేలలో ఇంకి, ఊటలై పైకి వచ్చును. ద్రాక్షవేరు రాళ్ల సందులగుండ లోతుగా దిగి తడిని వెదకుకొనును.

ఇప్పుడు హోషేయ మాటల వరుసను గమనింపుడి. 14:5-7 వచనములలో ఆయన లెబానోను పేరును మూడు మారులు చెప్పెను. మొదట వేరు, తరువాత సువాసన, కడపట ద్రాక్షారసము. వీటన్నిటికిని ముందుగా ఒక మాట కలదు: దేవుడు తన జనులకు మంచువలె ఉండునని. మన చేలలో శీతకాలపు ఉదయమున ఆకులమీద నిలుచు మంచు ఎవడును మోసి తెచ్చినది కాదు. వానలేని కాలమున లేత ఆకును బ్రదికించు ఆ చల్లదనము రాత్రి నిశ్శబ్దముగా దిగివచ్చును. పరిమళము కడపటిది, మంచు మొదటిది. మనము మంచివారమైన తరువాత దేవుడు వచ్చుట కాదు. ఆయన వచ్చుటవలననే మనలో వేరును, చిగురును, వాసనయు పుట్టును.

2. బయలు ఇచ్చెనా, యెహోవా ఇచ్చెనా?

ఆ బెకా లోయలోనే బాల్‌బెక్ అను పట్టణమున్నది. బయలు దేవత పేరు ఆ ఊరి పేరులో నేటికిని నిలిచియున్నది. రోమీయులు క్రీస్తుశకము రెండవ శతాబ్దమున అక్కడ కట్టిన ఒక గొప్ప గుడి, ద్రాక్షారసమునకు దేవుడని వారు తలంచిన బాకస్ గుడియని పేరుపొందెను. దాని రాళ్లమీద ద్రాక్షతీగెలు చెక్కబడియున్నవి. ఇది హోషేయ దినములకు ఎనిమిది తొమ్మిది వందల ఏండ్ల తరువాత కట్టబడినదే. అయినను ఆ రాళ్లు చెప్పు తప్పు హోషేయ దినములలోనే ఉండెను. ధాన్యమును, ద్రాక్షారసమును, తైలమును తనకిచ్చినవాడు యెహోవాయని ఇశ్రాయేలు తెలిసికొనలేదని దేవుడు దుఃఖపడెను (2:8). వారు వాటిని బయలు ఇచ్చెనని తలంచిరి.

ప్రియులారా, త్రాగుబోతు పాపము గ్లాసుతో మొదలు కాదు. ఇచ్చినవానిని మరచుటతో మొదలగును. దినమంతయు కలుపు తీసి, కోత కోసి సంపాదించిన కూలి దేవుని దానము. ఆ బలము ఆయనది. ఆ చేతులు ఆయనవి. సాయంకాలమునకు ఆ కూలిని తీసికొనిపోయి ఒక సీసాకు నైవేద్యము పెట్టినయెడల, మనము రాతిగుడి కట్టకపోయినను బయలునకు ఒక గుడి కట్టినవారమే. ఇంటిలో పిల్లలు ఆకలితో పండుకొనియుండగా తండ్రి యెవనికి అర్పణ తెచ్చెనో పరలోకము చూచుచున్నది.

3. తొక్కలోని రంగు

ఎఱ్ఱని ద్రాక్షారసమును గూర్చి అనేకులకు తెలియని సంగతి ఒకటి కలదు. నల్లద్రాక్షను కోసి లోపలి రసమును పిండినయెడల ఆ రసము చాల జాతులలో దాదాపు రంగులేనిదై యుండును. రంగంతయు తొక్కలో నున్నది. వగరును ఎక్కువభాగము తొక్కలోను గింజలోను నున్నది. గనుక ఎఱ్ఱరసము చేయువారు కాయలను చిదిపి, తొక్కలతోకూడ తొట్లలో ఉంచి అనేక దినములు పులియనిత్తురు. పొంగు వచ్చినప్పుడు తొక్కలు పైకి తేలును. వారు వాటిని మరల మరల క్రిందికి త్రోయుదురు. అప్పుడు తొక్కలోని రంగు రసములోనికి దిగును. తరువాత గానుగలో పిండి, కొయ్య పీపాలలో ఉంచుదురు. మొదట నోరు పట్టు వగరు ఏండ్లు గడచినకొలది మెత్తబడును.

ఎత్తైన చోట గాలి పలుచన. ఎండ నేరుగా తగులును. ఆ ఎండనుండి గింజను కాపాడుకొనుటకు కాయ తన తొక్కను దట్టము చేసికొనును. అందువలననే కొండతోటల రసము నల్లదనము కలిసిన ఎఱుపుగాను, చిక్కగాను ఉండును. అనగా ఏ భాగమునకు ఎండ దెబ్బ తగిలెనో ఆ భాగమునుండియే రంగు వచ్చినది.

మన సంఘములలో అనేకుల బ్రదుకు ఇట్టిదే. భర్త త్రాగుచుండగా కూలికి పోయి పిల్లలను చదివించిన తల్లి, కులము పేరున అవమానము పొందియు కీడునకు కీడు చేయని పెద్ద, పంట పోయిన సంవత్సరమున సయితము తన కానుక పిడికెడు బియ్యము మానని విధవరాలు. వీరు ఎండ తగిలిన తొక్కవంటివారు. వారి ప్రార్థనకు ఒక రంగున్నది. నీడపట్టున పెరిగిన మాటలకు ఆ రంగు రాదు.

అయితే ఒక హెచ్చరిక. కష్టమే మనుష్యుని మంచివానిగా చేయునని నేను చెప్పుట లేదు. ఎండ ఒక్కటే యుండి రాత్రి చల్లదనమును ఊటనీరును లేనియెడల ద్రాక్ష ఎండిపోవును. భర్త కొట్టుట దేవుడు పెట్టిన శిక్షణయని ఏ స్త్రీకిని ఎవరును బోధింపకూడదు. అది పాపము, సంఘపు పెద్దలు దానిని ఆపవలెను, అవసరమైనయెడల చట్టము సహాయమును పొందవలెను. దేవుడు ఎండను బట్టి కాదు, మంచును బట్టి తన్నుతాను వర్ణించుకొనెను.

1975 మొదలుకొని 1990 వరకు లెబానోనులో అంతర్యుద్ధము జరిగెను. బెకా లోయలో ద్రాక్షలు కోసి, పర్వతములకు ఆవల గజీరు అను ఊరిలో రసము చేయు ముసార్ అను కర్మశాల కలదు. అది 1930లో స్థాపింపబడినది. యుద్ధ సంవత్సరములలో బండ్లు తుపాకుల నడుమనుండి, దారిపొడుగున తనిఖీలు దాటుచు, పర్వతమెక్కి దిగవలసివచ్చెను. 1976లో యుద్ధమువలన వారు రసము చేయలేకపోయిరి. అయినను తోటలను విడువలేదు. 2024లో మరల ఆ లోయమీద బాంబులు పడెను. మన బైబిలులో పేరున్న ఆ దేశపు ప్రజలు ఇంకను కన్నీటితో విత్తుచున్నారని జ్ఞాపకముంచుకొని వారికొరకు ప్రార్థింతము.

4. వాకిటికి ముందుగా వచ్చు వాసన

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వత్తము. ద్రాక్షారసములో అనేక సంగతులున్నవి: రంగు, రుచి, వెల, మత్తు. ప్రవక్త వీటిలో దేనిని ఎంచుకొనెను? మత్తును కాదు. పరిమళమును మాత్రమే ఎంచుకొనెను. అక్కడి హెబ్రీ మాటకు జ్ఞాపకము, పేరు అను అర్థమును కలదు. ఒకని గూర్చి తలంచినంతనే మనస్సునకు వచ్చునదే అతని పరిమళము.

వాసన స్వభావము మీకు తెలియును. అది మనిషికంటె ముందుగా వచ్చును. సారా త్రాగినవాడు వాకిట అడుగు పెట్టకమునుపే లోపలి భార్యకు తెలియును. ఆమె గిన్నెలు సర్దును, పిల్లలను మూలకు పిలుచును, పసిదానిని చంకకెత్తుకొనును. ఆయన ఇంకను ఒక మాటయు పలుకలేదు. వాసనయే పలికినది. ఆ యింటి పిల్లలు పెరిగి పెద్దవారైన తరువాతను ఆ వాసనను మరువరు. అదే వారికి తండ్రిని గూర్చిన జ్ఞాపకము. హోషేయ చెప్పిన మాట బరువు ఇక్కడ నున్నది. మనుష్యుని బుద్ధిని దోచుకొనిన ఆ వస్తువు పేరునే దేవుడు తీసికొని, "నీ వాసనను నేను మార్చెదను" అనుచున్నాడు. ఏ వాసన విని పిల్లలు మూలకు పారిపోయిరో, ఆ తండ్రి అడుగుల చప్పుడు విని వారే వాకిటికి పరుగెత్తు దినము వచ్చును. దేవుని వాగ్దానమును ఇంటి భాషలో చెప్పినయెడల ఇదే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామములో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు ఏకమై సారా అమ్మకమును ఎదిరించిరి. ఆ ఉద్యమము ఊరూర వ్యాపించెను. 1993లో నాటి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధింపబడెను; 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను; 1997లో అది తొలగింపబడెను. చదువు రాని తల్లులు పలక పట్టి ప్రభుత్వములను కదలించిన ఆ ధైర్యమునకు దేవునికి స్తోత్రము. అయినను ఈ చరిత్రనుండి మనము నేర్చుకొనవలసినదొకటి కలదు. చట్టము వచ్చును, పోవును. దుకాణము మూయబడును, తెరువబడును. హోషేయ చెప్పిన నీడ మాత్రము తొలగదు. ఆయన నీడయందు నివసించువారు తిరిగివచ్చెదరని వాక్యము చెప్పుచున్నది. తిరిగివచ్చుటకు ఇల్లు ఉండవలెను గదా! ఆ యిల్లు మన సంఘము కావలెను.

5. ప్రభువు బల్లయొద్ద

కొందరు అడుగుదురు: ప్రభువు ద్రాక్షావల్లి ఫలమును గిన్నెలో పోసి యిచ్చెను గదా, మనము పులియని రసము వాడుట యేల? లోకములోని అనేక సంఘములలో పులిసిన రసమే వాడుదురు. వారిని మనము తీర్పు తీర్చము. మన గ్రామ సంఘములలో అనేకచోట్ల ఎండుద్రాక్షలు నానబెట్టి పిసికి రసము తీయుదురు. 1869లో అమెరికాలోని వైన్‌ల్యాండ్ పట్టణమున థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్ అను మెథడిస్టు విశ్వాసి, ద్రాక్షరసమును సీసాలలో వేడిచేసి పులియకుండ నిలువచేయు పద్ధతిని ప్రభువు బల్లకొరకే సిద్ధపరచెను. దీనికి కారణము ప్రేమయే. త్రాగుడు మాని వచ్చిన సహోదరునికి బల్లయొద్ద ఆ పాత వాసన తగులకూడదు. సహోదరునికి అడ్డమైనయెడల ద్రాక్షారసమును మానుట మంచిదని పౌలు రోమా సంఘమునకు బోధించెను (రోమా 14:21). బలవంతుడు బలహీనునికొరకు తన గిన్నెను మార్చుకొనుట క్రీస్తు మార్గము.

ఆ గిన్నెలో గానుగను చూడుడి. ద్రాక్ష త్రొక్కబడక రసము రాదు. మన ప్రభువు మనకొరకు నలుగగొట్టబడెను. మనలో పరిమళముండినయెడల అది ఆయన గాయములనుండి వచ్చినదే. గనుక ఎవడును తన పరిమళమును చూచి అతిశయింపకూడదు.

మాటలు వెంటబెట్టుకొని రండి

చివరిగా, తిరిగివచ్చువాడు ఏమి తేవలెను? కోడెలను కాదు, కానుకలను కాదు. మాటలను వెంటబెట్టుకొని రమ్మని హోషేయ పిలుచుచున్నాడు (14:2). అన్నా, తమ్ముడా, త్రాగుడులో చిక్కుకొనిన సహోదరుడా, నీయొద్ద డబ్బు లేకపోవచ్చును, పరువు పోయియుండవచ్చును; నాలుగు మాటలైనను ఉన్నవి గదా! "తండ్రీ, నేను నిన్ను విడిచిపోతిని, నన్ను చేర్చుకొనుము" అని చెప్పుటకు చదువు అక్కరలేదు. వారి తిరుగుబాటును స్వస్థపరచి, వెల అడుగక ప్రేమింతునని ఆయన ముందే మాట యిచ్చియున్నాడు (14:4).

ఇంటివారికి ఒక మాట. ఏండ్ల తరబడి త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల చేతులు వణకును. కొందరికి మూర్ఛ వచ్చును, మతి చలించినట్లు మాటలాడుదురు. అది దయ్యము పట్టుట కాదు. ప్రాణమునకు అపాయము కాగల జబ్బు. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవుడి, తోడుగా ప్రార్థింపుడి. స్వస్థపరచువాడు దేవుడే, ఆయన వైద్యుని చేతులనుకూడ వాడుకొనును.

సంఘపు పెద్దలారా, ఈ నెలలో మీ ఊరిలో అట్టివాని యింటికి ఒక్కసారియైనను పోవుడి. గద్దించుటకు కాదు, అతనితోకూడ కూర్చుండుటకు. అతడు గుడికి వచ్చిన దినమున ముక్కు మూసికొనక, ప్రక్కన చోటిచ్చి కూర్చుండబెట్టుడి. మంచు ఎట్లు దిగునో అట్లు నెమ్మదిగా పోవుడి.

ప్రార్థన: కొండలమీద ద్రాక్షను నాటి, మంచుతో దానిని పోషించు తండ్రీ, మా గ్రామములను జ్ఞాపకము చేసికొనుము. మా యిండ్లలోనుండి పాత వాసనను తీసివేయుము. ఎండ తగిలిన నీ బిడ్డలకు నీ రాత్రి చల్లదనమును అనుగ్రహించుము. దూరముగా పోయినవారికి తిరిగివచ్చుటకు మాటలను, వారిని చేర్చుకొనుటకు మాకు ప్రేమను ఇమ్ము. నలిగిన నీ కుమారుడైన యేసు క్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.